పటం చెప్పినదీ, చెప్పనిదీ

సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు వెనకటివాళ్ళు గోత్రాలతో పాటు నీళ్ళ సంగతి కూడా విచారించేవారు. "ఆ వూరికి పిల్లనివ్వకండి, నీళ్ళు మంచివి కావు" అనటం మీలో చాలామంది వినే వుంటారు. అందుకోసం ఎవరూ పరిశోధన చెయ్యలేదు, ఎవరూ కాగితం మీద గీతలు గీయలేదు. అయినా ఏ వూళ్ళో కాళ్ళు వంకరపోతాయో, ఏ వూళ్ళో పిల్లల పళ్ళు గారపడతాయో, ఏ చెరువు పక్కన చలిజ్వరం వదలదో వాళ్ళ మనసులో ఒక పటం వుండేది. ఆ పటాన్ని మనసులోంచి తీసి కాగితం మీద పెట్టి, పక్కన లెక్క కూడా కడితే అదొక శాస్త్రం అవుతుంది. ఈ వారం దాన్ని గురించి చెబుతాను. లెక్కలంటే భయపడేవాళ్ళు అప్పుడే పేజీ తిప్పెయ్యకండి. ఇందులో నేరపరిశోధన కూడా వున్నది, పక్క పేజీలో వచ్చే సీరియల్‌కు ఏమీ తీసిపోనిది.

1854 ఆగస్టు 31వ తేదీ రాత్రి. లండన్ నగరంలో సోహో అనే పేట. ఇరుకు సందులు, గదికొక సంసారం, ఇళ్ళ కింద మరుగు గుంటలు. అక్కడ కలరా విరుచుకుపడింది. మన కోస్తా జిల్లాల్లో మరిడి అనీ, తెలంగాణలో గత్తర అనీ పిలిచి, అమ్మవారికి జాతరలు చేసి సాగనంపిన జబ్బే అది. పొద్దున తిరుగాడిన మనిషి సాయంత్రానికి లేడు. బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టుపట్ల, 250 గజాల లోపల, పది రోజుల్లో 500 మందికి పైగా పోయారు. చివరికి లెక్క తేలేసరికి 616 మంది.

ఆ రోజుల్లో పెద్ద పెద్ద వైద్యులందరూ నమ్మిన సిద్ధాంతం ఒకటే. కుళ్ళు వాసన వల్ల గాలి చెడుతుంది, చెడ్డగాలి పీల్చితే కలరా వస్తుంది. దీన్ని కాదన్నవాడు డాక్టర్ జాన్ స్నో. మత్తుమందు ఇవ్వటంలో దిట్ట. 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫారం ఇచ్చింది ఆయనే. కలరా నోటి ద్వారా, నీళ్ళ ద్వారా వస్తుందని 1849లోనే ఒక చిన్న పుస్తకం వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు కలరా ఆయన ఇంటికి కూతవేటు దూరంలోకి వచ్చింది.

బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక చేతిపంపు వున్నది. ఆ నీళ్ళు రుచిగా వుంటాయని పేరు. దూరంగా వున్నవాళ్ళు కూడా పనిగట్టుకొని వచ్చి పట్టుకుపోయేవారు. స్నోకు అనుమానం దానిమీద పడింది. జననమరణాల ఆఫీసుకు వెళ్ళి ఆ వారంలో కలరాతో పోయిన 83 మంది చిరునామాలు రాసుకున్నాడు. కాగితం పట్టుకొని వీధిలోకి వెళ్ళాడు. ఆ 83 మందిలో 73 మంది ఈ పంపుకు దగ్గరగా వున్నవాళ్ళు. మిగిలిన 10 మందికి మరో పంపు దగ్గర. సరే, ఆ 10 మంది మాటేమిటి? అక్కడే ఆయన గొప్పతనం. ఏ పదిమందిని విడిచిపెట్టినా ఎవరూ అడగరో, ఆ పదిమంది గుమ్మాల్లోకే వెళ్ళి అడిగాడు. వాళ్ళలో ఐదు కుటుంబాలవాళ్ళు, "మాకు దగ్గర పంపు నీళ్ళు సయించవు, బ్రాడ్ స్ట్రీట్ నుంచే తెప్పించుకుంటాం" అన్నారు. మరో ముగ్గురు పిల్లలు. వాళ్ళ బడి ఆ పంపు పక్కన.

తరవాత అటువైపు చూశాడు, అంటే చావులు వుండవలసిన చోట లేనివైపు. పంపుకు దగ్గర్లో పేదల వసతిగృహం ఒకటి. అందులో 535 మంది. చుట్టూ ఇళ్ళలో శవాలు లేస్తుంటే అక్కడ పోయినవాళ్ళు ఐదుగురు. వాళ్ళకు సొంత బావి వున్నది. ఆ వీధిలోనే బీరు కాచే కర్మాగారం వున్నది. 70 మందికి పైగా పనివాళ్ళు, ఒక్కడు కూడా కలరాతో చావలేదు. యజమాని వాళ్ళకు రోజూ బీరు ఇస్తాడు, నీళ్ళ జోలికి వాళ్ళు పోరు! (మద్యపాన నిషేధవాదులు నన్ను మన్నింతురు గాక. నేను చరిత్ర చెబుతున్నాను.) ఎదురుగా తుపాకుల్లో వాడే చిన్న మందు టోపీలు చేసే ఫ్యాక్టరీ. అందులో 200 మంది. పనివాళ్ళ దాహానికని రెండు తొట్ల నిండా పంపు నీళ్ళు పెట్టి వుంచేవారు. 18 మంది పోయారు.

అన్నిటికంటే చిత్రం, మైళ్ళ దూరాన హాంప్‌స్టెడ్‌లో ఒక వృద్ధురాలు కలరాతో పోవటం. ఆ చుట్టుపక్కల మరొకరికి ఆ జబ్బు లేదు. స్నో వెళ్ళి ఆమె కొడుకును అడిగాడు. ఆమె ఒకప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో కాపురం చేసినావిడ. ఆ నీళ్ళ రుచి మరిచిపోలేక రోజూ బండిమీద ఒక పెద్ద సీసా తెప్పించుకునేది. చూడటానికి వచ్చిన మేనగోడలు కూడా ఆ నీళ్ళు తాగింది. ఇస్లింగ్టన్‌లో తన ఇంటికి పోయి చనిపోయింది. ఆ పేటలోనూ అప్పటికి కలరా లేదు. పుట్టి పెరిగిన వూరి బావినీళ్ళ మీద మమకారం ఎటువంటిదో మన ఆడపడుచులకు చెప్పనక్కరలేదు.

సెప్టెంబరు 7న స్నో స్థానిక పాలకమండలి ముందు తన లెక్క పెట్టాడు. వాళ్ళు పూర్తిగా నమ్మలేదు. అయినా మరునాడు, 8న, పంపు పిడి ఊడదీయించారు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. స్నో పటం గీశాడు, పటం చూడగానే పంపు కనిపించింది, పిడి తీయించాడు, కలరా ఆగిపోయింది అని ముగిస్తారు. జరిగింది అది కాదు. పిడి తీసేనాటికే జబ్బు తగ్గుముఖం పట్టింది, ఎందుకంటే బతికినవాళ్ళు పేట విడిచి పారిపోయారు. ఈ సంగతి దాచకుండా రాసినవాడు స్నోయే. ఇక పటం గీసింది ఆ తరవాత. దాన్ని డిసెంబరులో పండితుల సభలో చూపించాడు. ఒక్కొక్క చావుకు ఒక్కొక్క చిన్న నల్లగీత. ఒకే ఇంట్లో నలుగురు పోతే నాలుగు గీతలు ఒకదానిమీద ఒకటి, పేర్చిన ఇటుకల్లాగా. అంటే పటం ఆయనకు దారి చూపలేదు. నడిచి తెలుసుకున్నదాన్ని నలుగురికీ చూపించటానికి పనికివచ్చింది.

తరవాత ఆ పటానికి మరో ప్రతి తయారుచేస్తూ దానిలో ఒక వంకర గీత చేర్చాడు. ఆ గీతకు లోపల వున్నవాళ్ళకు బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర, బయట వున్నవాళ్ళకు మరో పంపు దగ్గర. దగ్గర అంటే కాకి ఎగిరే దూరం కాదు, బిందె పట్టుకొని సందుల్లోంచి నడిచే దూరం. నన్నడిగితే ఆ పటంలో నల్లగీతలకంటే ఆ వంకర గీతే గొప్పది. చావులు ఆ గీత దాకా వచ్చి, అక్కడ పల్చబడిపోయినై. నేడు కంప్యూటర్లు పెట్టుకొని చేసే పనికి అది ముత్తాత.

ఇంతా చేస్తే ఆనాటి ఆరోగ్య బోర్డు ఆయన మాట కొట్టిపారేసింది. నమ్మించటానికి ఒక పాదిరీ రావలసివచ్చింది. పేరు హెన్రీ వైట్‌హెడ్. ఆ పేటలోనే చర్చిలో పనిచేసే కుర్ర పాదిరీ. స్నో చెప్పింది తప్పని రుజువు చెయ్యాలనే ఆయన బయలుదేరాడు. ప్రతి ఇల్లూ ఆయనకు తెలుసు, ప్రతి గృహిణీ ఆయనతో మాట్లాడుతుంది. పారిపోయినవాళ్ళ కొత్త చిరునామాలు కూడా పట్టుకున్నాడు. బ్రాడ్ స్ట్రీట్‌లో పంపు నీళ్ళు తాగిన 137 మందిలో 80 మందికి జబ్బు చేసింది. తాగని 297 మందిలో 20 మందికే. తప్పు పట్టటానికి పోయినవాడు సాక్షి అయి తిరిగివచ్చాడు.

మొదట ఆ నీళ్ళు ఎట్లా చెడినవో కూడా ఆయనే కనిపెట్టాడు. పంపుకు ఎదురుగా 40వ నంబరు ఇంట్లో ఐదు నెలల పసిపాప విరేచనాలతో పోయింది. తల్లి పాప గుడ్డలు తడిపిన నీళ్ళు ఇంటి ముందు మరుగు గుంటలో పారబోసేది. తవ్వి చూస్తే ఆ గుంట ఇటుకలు పుచ్చి వున్నై. గుంటకూ, బావికీ మధ్య దూరం మూడడుగులు కూడా లేదు. ఇంకొక సంగతి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ పాప తండ్రికి కలరా తగిలింది సెప్టెంబరు 8న. పిడి తీసిన రోజే! తల్లి మళ్ళీ ఆ గుంటలోనే పారబోయటం మొదలుపెట్టింది. ఆ పూట పిడి అక్కడే వుండివుంటే ఏమయ్యేదో వూహించుకోండి.

పటం గీస్తే చాలు నిజం బయటపడుతుందనుకునేవాళ్ళకు మరొకాయన సంగతి చెప్పాలి. విలియం ఫార్ అని, ఇంగ్లండులో జననమరణాల లెక్కలు చూసే మహామేధావి. 1848-49 కలరాలో లండన్ చావులను ఆయన కూడా చోటును బట్టి లెక్కకట్టాడు. థేమ్స్ నది మట్టానికి 20 అడుగుల లోపు ఎత్తులో వున్న పేటల్లో 10,000 మందికి 102 చావులు. 20 నుంచి 40 అడుగుల ఎత్తులో 65. ఆపైన 60 దాకా 34. ఎత్తు పెరిగేకొద్దీ మెట్లు దిగినట్టు చావులు దిగినై. లెక్కలో తప్పు లేదు. అంత చక్కని లెక్క స్నో దగ్గర కూడా లేదు. కానీ దానినుంచి ఫార్ తీసిన తాత్పర్యం, నదిమీది చెడ్డగాలి పల్లంలో దట్టంగా వుంటుంది గనక చావులు ఎక్కువ అని! నిజానికి పల్లపు పేటలకు వచ్చే నీళ్ళు మురికి కలిసిన నదిలోవి. ఒకే పటం, రెండు కథలు. పటం రెండింటికీ తల వూపింది.

ఈ తగవు తీర్చటానికి స్నో మరో ఎత్తు వేశాడు. దక్షిణ లండన్‌లో రెండు నీళ్ళ కంపెనీలు ఒకే వీధిలో పోటీగా గొట్టాలు వేసినై. ఈ ఇంటికి ఒక కంపెనీ, పక్కింటికి మరొకటి. గాలి ఒకటే, ఎత్తు ఒకటే, అంతస్తు ఒకటే. తేడా నీళ్ళలోనే. లాంబెత్ కంపెనీ అప్పటికి నదిలో ఎగువకు పోయి నగరం మురికి కలవని చోట నీళ్ళు తీసుకుంటున్నది. సదక్ వాక్స్‌హాల్ కంపెనీ మురికిలోనే తీసుకుంటున్నది. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాడు. సదక్ కంపెనీ నీళ్ళు వచ్చే 40,046 ఇళ్ళలో 1,263 మంది పోయారు. లాంబెత్ నీళ్ళు వచ్చే 26,107 ఇళ్ళలో 98 మంది. 10,000 ఇళ్ళకు లెక్కకడితే ఒకచోట 315, మరొకచోట 37. స్నో 1858లో పోయాడు. 1866లో తూర్పు లండన్‌లో మళ్ళీ కలరా వచ్చినప్పుడు, అక్కడి నీళ్ళ కంపెనీని లెక్కలతో నిలదీసినవాడు ఎవరనుకున్నారు? ఆ విలియం ఫారే. అభిప్రాయం మార్చుకోవటం కూడా పెద్దమనిషి లక్షణమే.

ఇక మన వూళ్ళకు వద్దాం. మొదట్లో చెప్పిన "నీళ్ళు మంచివి కావు" అనే మాటకు శాస్త్రం ముద్ర వేసింది 1937లో. ఆనాటి మద్రాసు రాజధానిలో నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో జనం నడుములు బిగుసుకుపోయి, మెడలు తిరగక, వంగలేక పడుతున్న బాధకు కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడేనని ఆ ఏడు భారత వైద్య పరిశోధనా పత్రికలో వ్యాసం వచ్చింది. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది మన తెలుగు పల్లెల్లోనే. తరవాత నల్గొండ జిల్లా పేరు దీనికి మారుపేరయింది. పటికా, సున్నమూ కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూరులోని నీరీ సంస్థ 1970లలో రూపొందించి, దానికి నల్గొండ పేరే పెట్టింది. ఏ జిల్లావాసి అయినా తన జిల్లా పేరు ఇటువంటి కీర్తికి ఎక్కాలని కోరుకోడు గదా.

ఈ జబ్బు పటాలు గీసేవాళ్ళను బాగా ఏడిపించింది. ఫ్లోరైడు భూమిలోని రాతినుంచి నీళ్ళలోకి కరుగుతుంది. ఏ రాయి ఎక్కడ, ఎంత లోతున వున్నదో పైకి కనబడదు. ఒక బోరులో నీళ్ళు విషం, నాలుగు బారల దూరంలో మరో బావి నీళ్ళు అమృతం కావచ్చు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. ఒక వూళ్ళో రెండు బావులున్నవనుకోండి. ఒకదానిలో 2, ఒకదానిలో సగం. సగటు కడితే ఒకటింబావు. "ఈ వూరికి భయం లేదు" అని పటంలో పచ్చరంగు వేసెయ్యవచ్చు. మొదటి బావి నీళ్ళు తాగే పిల్లల పళ్ళు పచ్చబడతాయి గాని, వూరు మాత్రం పటంలో పచ్చగా వుంటుంది! అదే, రెండు బావుల్నీ విడివిడిగా చుక్కలు పెడితే సంగతి తెలుస్తుంది. ఏ కొలతతో చూస్తామో దాన్నిబట్టి జబ్బు కనబడుతుంది, మాయమవుతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశంలో జిల్లాలకు ఎరుపు, నారింజ, పచ్చ రంగులు వేశారు గుర్తుందా? ఏప్రిల్ 30 జాబితాలో 130 ఎర్ర జిల్లాలు. జిల్లాలో ఒక మూల జబ్బు వుంటే ఇంకో మూల దుకాణాలు కూడా మూతపడినై.

ఇప్పుడు ఒక ఉత్తరం సంగతి. ఒక జిల్లా కేంద్రంలో కొత్తగా వెలసిన కాలనీనుంచి ఒక సోదరి రాశారు. వాళ్ళ మూడు వీధుల్లో ఐదేళ్ళలో నలుగురికి క్యాన్సర్ వచ్చింది. కాలనీవాళ్ళు ఒక పటం గీసి, నాలుగిళ్ళకూ ఎర్రచుక్కలు పెట్టారు. చుక్కల నడుమ సెల్ టవరు వున్నది. "ఇంతకంటే రుజువేం కావాలండీ? ఇల్లు అమ్ముకొని పోదామంటున్నారు మావారు. పోవాలా, వుండాలా?" అని అడిగారు. ఇల్లు అంటే ఇరవై ఏళ్ళ జీతం. నవ్వి తోసెయ్యదగిన ప్రశ్న కాదు ఇది.

అమ్మా, మీ ఇంట్లో పెళ్ళి జరిగినప్పుడు అక్షింతలు వేసే వుంటారు. అందరూ వధూవరుల మీదికి విసురుతారు. తరవాత చాప మీద చూడండి. ఒకచోట గుప్పెడు, ఒకచోట ఒక్క గింజా వుండదు. ఎవరైనా అక్కడ గురిచూసి పోశారా? లేదు. కాకతాళీయంగా పడేవి సమానంగా పరుచుకోవు, గుంపులు గుంపులుగానే పడతాయి. జబ్బులూ అంతే. మన దేశంలో తొమ్మిదిమందిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ రావచ్చునని 2022లో వైద్య పరిశోధనా మండలి అంచనా. మీ మూడు వీధుల్లో 250 మంది వున్నారనుకుంటే, కారణం ప్రత్యేకంగా ఏదీ లేకపోయినా వాళ్ళలో 27, 28 మందికి ఎప్పటికైనా రావలసిందే. నలుగురికి వచ్చిందనగానే అదనంగా వచ్చిందని చెప్పలేం.

చుక్కల ముగ్గు తెలుసుగా. ముందు చుక్కలు పెట్టి, తరవాత వాటి చుట్టూ గీత తిప్పుతాం. ఎంత వంకర చుక్కలకైనా నేర్పరి అయిన ఇల్లాలు అందమైన గీత తిప్పగలదు. మీ కాలనీవాళ్ళు చేసింది అదే. చుక్కలు ముందు పడినై, టవరు తరవాత కనబడింది. టవరు లేకపోతే ట్రాన్స్‌ఫార్మరు, అదీ లేకపోతే మురుక్కాలవ కనబడేది. ఈ దేశంలో నాలుగు చుక్కల నడుమ ఏదో ఒకటి లేని చోటు ఎక్కడున్నది?

చిన్న వూళ్ళ లెక్కల్లో మరో గారడీ కూడా వున్నది. పదివేల మందికి ఏడాదికి ఒకరికి వచ్చే జబ్బు అనుకోండి. వెయ్యిమంది వున్న పల్లెలో చాలా ఏళ్ళు ఒక్కరికీ రాదు. "ఆహా, ఎంత ఆరోగ్యమైన పల్లె!" అంటారు. ఏదో ఒక ఏడు ఒక్కరికి వచ్చిందా, ఆ ఏడు ఆ పల్లె లెక్క మామూలుకు పదిరెట్లు! లక్షమంది వున్న పట్నంలో ఇటువంటి ఎగుడుదిగుళ్ళు వుండవు. అమెరికాలో మూత్రపిండాల క్యాన్సర్ లెక్కలు చూస్తే అతి తక్కువ వున్న జిల్లాలన్నీ జనం పల్చగా వుండే పల్లె ప్రాంతాలు. పల్లెగాలి, కల్తీలేని తిండి అని మీరు కారణం వెతుక్కునేలోగా రెండో పటం తీస్తారు. అతి ఎక్కువ వున్న జిల్లాలు కూడా అటువంటి పల్లె ప్రాంతాలే!

అంచేతనే ఈ శాస్త్రంవాళ్ళు కంటిని నమ్మరు. 1950లో మొరాన్ అనే గణితవేత్త ఒక కొలత కనిపెట్టాడు. ఇరుగుపొరుగులు ఒకరినొకరు పోలివుంటారా, లేక కలగాపులగంగా వుంటారా అన్నది అందులో ఒక్క అంకెలో తేలుతుంది. 1997లో కుల్‌డార్ఫ్ అనే ఆయన మరో ఉపాయం చెప్పాడు. కంప్యూటరు పటమంతటా చిన్నా పెద్దా వలయాలు జరుపుకుంటూ పోతుంది, ప్రతి వలయంలో జనం ఎందరు, రోగులు ఎందరు అని లెక్కపెడుతుంది. తరవాత రోగుల్ని అక్షింతల్లాగా కాకతాళీయంగా 999 సార్లు వెదజల్లి చూస్తుంది. ఆ 999 సార్లలో ఎప్పుడూ పడనంత గుంపు నిజం పటంలో వుంటేనే, "ఇక్కడ ఏదో వున్నది, వెళ్ళి చూడండి" అంటుంది. గమనించండి, ఫలానాది కారణం అని అనదు. వెళ్ళి చూడండి అంటుంది, అంతే.

కాబట్టి ఆ సోదరికి నేను చెప్పేది ఇది. ఇల్లు అమ్మకండి. ముందు ఆ నలుగురికీ వచ్చింది ఒకే రకమా అని కనుక్కోండి. క్యాన్సర్ అనే ఒక్క పేరు కింద ఎన్నో జబ్బులున్నై. ఒకావిడకు రొమ్ములో, ఒకాయనకు పొగాకు వల్ల నోటిలో వస్తే ఆ రెంటినీ ఒక చుక్కతో కట్టలేరు. వాళ్ళు ఆ కాలనీకి వచ్చి ఎన్నేళ్ళయింది? ఇటువంటి జబ్బులు చాలావరకు ఏళ్ళ తరబడి లోలోపల ముదిరి బయటపడేవి. రెండేళ్ళ కిందట వచ్చిన కుటుంబం తమ జబ్బును పాత వూరినుంచే తెచ్చుకొని వుండవచ్చు. వయసులెంత? పటంలో ఎర్రచుక్కలే కాదు, జబ్బులేని ఇళ్ళకూ తెల్లచుక్కలు పెట్టండి. టవరుకు అంత దగ్గర్లోనే వుండి నిక్షేపంగా వున్నవాళ్ళెందరో అప్పుడు కనబడుతుంది. నలుగురిదీ ఒకే అరుదైన జబ్బని తేలినా, లేక చిన్నపిల్లల్లో వచ్చినా, అప్పుడు వూరుకోవద్దు. జిల్లా వైద్యాధికారికి కాగితం పెట్టండి, సమాధానం వచ్చేదాకా తిరగండి. ఇక ఆ పటాన్ని కాలనీ ఆఫీసు గోడకు అంటించారని రాశారు. దాన్ని ఈ సాయంత్రమే తీసెయ్యమని చెప్పండి. ఆ నాలుగిళ్ళవాళ్ళకూ పెళ్ళికెదిగిన పిల్లలుంటారు. కరోనా రోజుల్లో తలుపులకు కాగితాలు అంటిస్తే ఆ ఇళ్ళవాళ్ళను అంటరానివాళ్ళలాగా చూశారని, అధికారులు ప్రత్యేకంగా ఆజ్ఞ ఇస్తే తప్ప అట్లా అంటించవద్దని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చింది.

అంతమాత్రాన గుంపులన్నీ అక్షింతల గుంపులే అనుకోకూడదు సుమండీ. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం వున్నది. కొబ్బరి, జీడి, పనస తోటలు, పక్కనే సముద్రం. చూస్తే కోనసీమ చెల్లెలా అనిపిస్తుంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఆ చుట్టుపక్కల మండలాల్లో మూత్రపిండాలు చెడిపోయేవాళ్ళు ఏళ్ళ తరబడి అసాధారణంగా ఎక్కువ. మధుమేహం లేదు, రక్తపోటు లేదు, అయినా కిడ్నీలు పోతాయి. కాపురాలు డయాలసిస్ ఖర్చుల్లో కరిగిపోయినై. ఇది కంటిభ్రమ కాదు. ఎన్ని లెక్కలు వేసినా గుంపు గుంపుగానే నిలబడింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ జబ్బులకోసం ప్రత్యేకంగా ఆస్పత్రీ, పరిశోధనా కేంద్రమూ తెరిచారు. వంశధార నీళ్ళను గొట్టాల ద్వారా తెచ్చే పథకమూ అప్పుడే ప్రారంభమైంది.

కారణం మాత్రం నేటికీ తేలలేదు. నీళ్ళలో ఏదో వున్నదన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో దాహం తీరకుండా పనిచెయ్యటమన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరిపొలాల రైతులకూ, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకుతోటల కూలీలకూ ఇటువంటి జబ్బే వస్తున్నది. ఆ మూడు చోట్లనూ పక్కపక్కన పెట్టి పోల్చుతున్నారు. ఒకచోట దోషిగా కనబడ్డది మరోచోట నిర్దోషిగా తేలుతున్నది. పరిశోధకులు వూరి వెంట వూరు తిరిగి, ఇంట్లో రోగి వున్నా లేకపోయినా తలుపు తట్టి, రక్తమూ, మూత్రమూ, తాగే నీళ్ళూ సీసాల్లో పట్టుకుపోయారు. ఎవరు ఏ బావి నీళ్ళు తాగారు, ఎన్నేళ్ళు తాగారు, పెళ్ళికి ముందు ఏ వూళ్ళో వున్నారు అని అడిగి రాసుకున్నారు.